సరుగుడు తోపులో సయాం బడి

"పాస్‌పోర్టు ఆ పిల్లది. దాంట్లో కొట్టిన వీసా ఆ పిల్లది. మరి అది మీ బీరువాలో ఎందుకుండాలి, పద్మనాభయ్యగారూ?"

ప్రశ్న వేసి డిటెక్టివ్ హెబ్రోను కుర్చీలో వెనక్కి వాలాడు. ఎదుటివాడు నీళ్లు నములుతుంటే చూడటం అతనికి సరదా. కాని పద్మనాభయ్య అంత తేలిగ్గా నీళ్లు నమిలే ఘటం కాదు. తమలపాకు ఈనె తీస్తూ నింపాదిగా జవాబు చెప్పాడు.

"ఈ కాలం పిల్లకాయలకి జాగర్త యాడుండాది సార్? పోయినేడు ఒకడు కలకత్తా రైల్లో పాస్‌పోర్టు పారేసుకున్నాడు. అప్పట్నించి రైలెక్కే ముందే చేతికిస్తా ఉండా."

కావలి ట్రంకు రోడ్డు మీద ఒక మేడగది అది. బయట 'సయాం భాషా విద్యాలయం - సీట్లు, స్టూడెంటు వీసాలు' అని బోర్డు. బడి మాత్రం ఇక్కడ లేదు, సయాంలో, అంటే థాయిలాండులో, బ్యాంకాకులో ఉంది. ఇక్కడున్నది దాని ఏజెంటు పద్మనాభయ్య, ఒక బీరువా, ఒక టెలిఫోను, గోడమీద ఆ బడి ఫోటో.

హెబ్రోను ఇక్కడికి రావడానికి కారణం పుష్పకుమారి. మిషను ఆసుపత్రిలో నర్సు. బ్యాంకాకులో కుష్ఠురోగుల ఆసుపత్రివాళ్లు ఆమెకు ఉద్యోగమిచ్చారు. కాకపోతే ఒక షరతు పెట్టారు. ముందు అక్కడే ఏదో ఒక బడిలో చేరి ఏడాదిపాటు థాయి భాష నేర్చుకోవాలి, నేర్చుకున్నాకే వచ్చి డ్యూటీలో చేరాలి. బడి ఏదో ఆమె ఇష్టం. మిషనువాళ్లకే ఒక బడి ఉంది గాని, అందులో జులై దాకా సీటు లేదు. పద్మనాభయ్య చూపించే బడిలో సీటు వెంటనే దొరుకుతుంది, సీటుతోపాటే వీసా. తల్లిదండ్రులు పోయిన పుష్పకుమారిని పెంచి పెద్దచేసిన మేనమామ సమాధానం, ఆలస్యం ఎందుకని రెండోదే ఖాయం చేశాడు.

రెండు నెలల కిందట ఇదే బడికి, ఇదే ఏజెంటు ద్వారా, ఆమె స్నేహితురాలు, అదే ఆసుపత్రిలో నర్సు ఎలిశబెతు వెళ్లింది. క్షేమంగా చేరానని టెలిగ్రాం వచ్చింది. తర్వాత ఉలుకూ లేదు, పలుకూ లేదు.

నిన్న పుష్పకుమారి నెల్లూరు వచ్చి హెబ్రోను ఎదుట కూర్చుంది. కన్నీళ్లు పెట్టుకోలేదు. కొంగు మెలిపెడుతూ గడగడా చెప్పేసింది.

"రేపు సాయంత్రం రైలుకి నేను పోవాల అన్నా. ఎలిశబెతు మూడు జాబులకి జవాబు రాయకుండా ఉండే మనిషి కాదు. ఆమెకి ఏమైందో కనుక్కో. పొమ్మంటే పోతా, వద్దంటే మానుకుంటా. నువ్వు ఏం చెప్తే అదే."

ఆ చివరిమాట హెబ్రోను గుండెల మీద కూర్చుంది. ఒకళ్ల ప్రాణం మన మాట మీద ఆధారపడితే రాత్రి నిద్ర పట్టదు.

అందుకే పొద్దున్నే కావలిలో దిగి మొదట సమాధానం ఇంటికి వెళ్లాడు. సమాధానం ఊళ్లో కాంపౌండరు, సంఘపెద్ద, నోరు తెరిస్తే ప్రార్థన తప్ప పరుషం తెలియని మనిషి. వచ్చే ఆదివారం చర్చిలో కోతపండుగ. సంఘంలో ఉన్న రైతులందరూ తొలిపంట కంకులు తెచ్చి దేవుడికి అర్పించే రోజు. ఏ ఇంటి అరుగు మీద చూసినా వరికంకులే, అల్లుతున్న కుచ్చులే. సమాధానం కూడా కుచ్చు అల్లుతూనే మాట్లాడాడు.

"మంచి పని చేస్తా ఉండావు అబ్బయా. నాకూ మనసులో పీకతానే ఉండాది. కనుక్కో, బాగా కనుక్కో. ఏ సంగతీ తేలకుండా బిడ్డని రైలెక్కించను."

హెబ్రోనుకు కాస్త ధైర్యం చిక్కింది. వచ్చేటప్పుడు పుష్పకుమారిని గుమ్మంలోకి పిలిచి గట్టిగా చెప్పాడు. "నేను తిరిగొచ్చేదాకా మీ మామయ్య పక్క వదలబాకు. ఎవరు పిలిచినా పోబాకు. మామయ్య చేత్తో ఇచ్చింది తప్ప ఎవరేమిచ్చినా తినబాకు, తాగబాకు." ఆమె చిన్నపిల్లలా తల ఊపింది.

ఇక ఇప్పుడు పద్మనాభయ్య.

"మీ బడికి సర్కారు గుర్తింపు ఉందా?"

"లేకుంటే కాన్సలేటోళ్లు వీసా ఇస్తారా సార్? స్టూడెంటు వీసా అంటే ఆషామాషీనా? సీటిచ్చినట్టు బడివాళ్లు రాయాల, నడవడి మంచిదని పోలీసులు రాయాల, ఒంట్లో రోగం లేదని డాక్టరు రాయాల. అన్నీ ఉంటేనే ముద్ర పడతాది."

అదంతా నిజమే. నిన్న సాయంత్రమే హెబ్రోను కలకత్తాలో సయాం కాన్సలేటుకు ట్రంకు కాల్ చేసి విచారించాడు. ఆ పేరుతో బ్యాంకాకులో చిన్న బడి ఉంది. ఎలిశబెతు వీసా అసలుదే. పుష్పకుమారిదీ అసలుదే. ఎలిశబెతు పేరుతో ఒక మనిషి విమానం దిగి ఆ దేశంలో అడుగుపెట్టింది కూడా. అన్నీ సక్రమంగానే ఉన్నాయి. మరి లోపల ఏదో తొలుస్తోంది ఎందుకు?

"మీరు ఆ బడి చూశారా?"

"చూడటమేంది సార్! పదేళ్లు బ్యాంకాకు బియ్యం మిల్లులో గుమాస్తా పని చేసినా. ఆ ఫోటో నేను దగ్గిరుండి తీయించిందే. ఊరి నడిబొడ్డు. ఎటు చూసినా మోటార్లు, జనం."

హెబ్రోను లేచి ఫోటో దగ్గరికి వెళ్లాడు. లావుపాటి గుండ్రటి స్తంభాలు, వాటి వెనక వరండా, వరండాలో చాప మీద పదిమంది పిల్లలు. అందరూ వీపు మనవైపు పెట్టి కూర్చున్నారు.

"ఒక్కడన్నా ఇటు తిరగలేదే?"

"పంతులమ్మ అటుపక్క ఉండాది సార్."

తమలపాకు మీద సున్నం రాస్తున్న వేలు ఆగిపోయింది. హెబ్రోను అది గమనించి, గమనించనట్టు ఫోటోలోకి ముఖం పెట్టాడు.

స్తంభాల కింది భాగం మోకాటి ఎత్తుదాకా పెచ్చులూడి ఇటుక బయటపడి ఉంది. ఊరి నడిబొడ్డున కట్టిన ఇల్లు అలా కాదు. ఉప్పుగాలి తింటే అవుతుంది అలా. పైన, చూరుకి, పిచ్చుకల కోసం కట్టిన వరికంకుల కుచ్చు వేలాడుతోంది. కోతలైన నెలలో హెబ్రోను తల్లి కూడా ఏటా చూరుకి అలాంటిదే కట్టేది. సయాంలోనూ వరి పండుతుంది, వాళ్లూ కట్టుకుంటారేమో, ఎవరికి తెలుసు? ఆ మాట ఒప్పుకుందాం. కాని ఈ స్తంభాన్ని మాత్రం అతను ఎరుగును. పోలీసు కొలువులో చేరిన కొత్తలో ఉప్పు కొఠార్ల కాపలాకి వేస్తే, ఏడాదిపాటు దానికే వీపు ఆనించి కునికిపాట్లు పడ్డాడు. సముద్రం ఒడ్డున, సరుగుడు తోపులో పాడుబడిన ఉప్పు బంగళా అది. ఇక్కడికి అయిదు మైళ్లు!

"మంచి బడి," అన్నాడు హెబ్రోను. "గాలీ వెలుతురూ బాగా తగిలేటట్టుంది."

మెట్లు దిగుతుంటే పైన పద్మనాభయ్య టెలిఫోనులో ఎవరిదో నంబరు అడుగుతున్న గొంతు వినిపించింది.

*

బస్సు దిగి, కాలిబాటన తోపులో పడి బంగళా చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. నీళ్లకుండ చంకన పెట్టుకొని వస్తున్న ముసలామె అతన్ని చూసి దూరంనుంచే కేక వేసింది.

"సామీ, అటు పోబాకండి! ఆ యమ్మకి క్షయ. గాలి సోకినా అంటుకుంటాది."

"ఏ అమ్మకి?"

"బంగళాలో ఉండే యమ్మకి. రెండు నెల్ల నాడు తెచ్చి పెట్టిపోయినారు. సముద్రపు గాలికి నయమవతాదంట. నేను గడప కాడ కూడూ నీళ్లూ పెట్టి వస్తా, అంతే. మొగం కూడా చూసింది లేదు."

ఉప్పు మళ్లలో పనిచేసే మాలకొండమ్మ ఆమె. ఎవరు తెచ్చి పెట్టారని అడిగితే పేరు తెలియదంది. "తెల్లగుడ్డలాయన. బో మెత్తని మనిషి. వచ్చినప్పుడల్లా వరండాలో కూసోని ఏందో పాట పాడతా కుచ్చులు అల్లతా ఉంటాడు. చేతులు ఊరికే ఉండవు ఆయనకి."

హెబ్రోను వరండా ఎక్కాడు. పిల్లలు కూర్చున్న చాప ఇంకా మూల చుట్టి ఉంది. తల ఎత్తి చూరు చూశాడు. ఫోటోలో చిన్నదిగా, మసగ్గా కనిపించిన కుచ్చు స్థానంలో కొత్తది వేలాడుతోంది. గడ్డికాడ పచ్చిగా ఉంది, వంచితే విరగడం లేదు. ఈ పొద్దున కట్టిందే.

కాని అతని గుండె ఝల్లుమన్నది అందుకు కాదు. పిచ్చుకల కోసం రైతులు కట్టే కుచ్చు గుండ్రంగా, జడలాగా ఉంటుంది. ఇది అలా లేదు. నిలువు జడ మధ్యలో అడ్డంగా ఇంకో జడ దూర్చి సిలువలాగా అల్లారు. కోతపండుగకు చర్చిలో కట్టే కుచ్చు ఇది. పద్మనాభయ్య తన జన్మలో అల్లింది కాదు. వేళ్లకు అలవాటైన వాడెవడో, తను ఏం చేస్తున్నదీ ధ్యాస లేకుండా, అలవాటుకొద్దీ అల్లి కట్టేశాడు. ఫోటో తీసిన రోజు కూడా అంతే చేసి ఉంటాడు. కోతల నెలలో చూరుకి కుచ్చు లేకపోతేనే మన కళ్లకు వెలితి గాని, ఉంటే ఎవరికి కనబడుతుంది?

అంటే మనవాడే. మన సంఘంవాడే.

తలుపు మూసి ఉంది. హెబ్రోను కిటికీ రెక్కల సందులోంచి చూశాడు. రెండు మంచాలు. ఒకదాని మీద పక్క ఇంకా పరవలేదు, కొత్తగా తెచ్చినట్టుంది. రెండోదాని మీద దుప్పటి మూలలు కాగితం మడిచినట్టు మడిచి పరుపు కిందికి బిగించి ఉన్నాయి. ఇళ్లల్లో ఆడవాళ్లు అలా వేయరు. ఆసుపత్రి నర్సులు వేస్తారు.

తలుపు తట్టబోతుండగా వెనక జీపు ఆగింది.

"చెయ్యి దించు హెబ్రోనూ! ఒకరి ఇంట్లో జొరబడితే ఏ సెక్షనో నీకు నేను చెప్పాల్నా?"

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ కామాక్షయ్య. ఇద్దరూ ఒకేరోజు కొలువులో చేరారు, ఇదే బంగళాకు ఒకే లాంతరుతో కాపలా కాశారు. ఆయన మెట్లెక్కి ఇన్‌స్పెక్టరయ్యాడు. హెబ్రోను పై అధికారితో తగువు పెట్టుకొని యూనిఫారం ముఖాన కొట్టి వచ్చేశాడు. ఆ రోజునుంచీ ఒకరిని చూస్తే ఒకరికి కారం రాసుకున్నట్టుంటుంది.

"పద్మనాభయ్య టెలిఫోను చేసినాడా?" అన్నాడు హెబ్రోను.

"చేసినాడు. పెద్దమనిషిని పట్టుకొని దొంగని అడిగినట్టు అడిగినావంట. నువ్వు ఈ దోవ బస్సెక్కినావని మా కానిస్టేబులు చెప్పినాడు."

"పెద్దమనిషి బ్యాంకాకు బడి ఇదే. ఫోటోలో స్తంభం గుర్తుపట్టలేదా నువ్వు? నీ వీపు కూడా దీన్నే గదా అరగదీసింది?"

కామాక్షయ్య స్తంభం వైపు చూసి, తల తిప్పుకున్నాడు. "ఫోటో ఏదైతే ఏంది? వీసా అసలుదా కాదా, అది చెప్పు."

"అసలుదే. అందుకే భయంగా ఉంది. ఉత్త మోసగాడైతే దొంగ వీసా అంటగట్టి పారిపోతాడు. వీళ్లు అసలు వీసాలే తెప్పిస్తున్నారు. సొంత పేరుతో దేశం దాటలేని వాళ్లెవరో డబ్బిచ్చి కొంటారు. పాస్‌పోర్టులో ఫోటో ఒక్కటి మారిస్తే వాళ్లే నర్సమ్మలు, వాళ్లే విద్యార్థులు. అక్కడ ఆసుపత్రివాళ్లు భాష నేర్చుకొని రమ్మని ఏడాది వదిలేస్తారు. ఏడాదిదాకా అడిగే నాథుడు లేడు. ఇంతకంటే సులువైన దారి ఎవరికి దొరుకుతుంది?"

"చాలించు నీ కథ!" కామాక్షయ్య గొంతు పెరిగింది. "ఎలిశబెతు నడవడి విచారణ చేసి సంతకం పెట్టింది నేను. పుష్పకుమారిదీ నేనే. నా సంతకం మీద బురద చల్లడానికి పొద్దున్నే బయల్దేరినావు నువ్వు. ఆ ఎలిశబెతుకి వీడుకోలు సభలో పూలదండ వేసింది కూడా నేనే. నా కళ్ల ముందు రైలెక్కింది."

"దిగింది ఎక్కడ?"

"బ్యాంకాకులో!"

గడియ తీసిన చప్పుడైంది. ఇద్దరూ తిరిగి చూశారు.

తెల్లచీర, నిద్రలేక వాడిన ముఖం, తలుపు పట్టుకొని ఒక అమ్మాయి నిలబడి ఉంది. కామాక్షయ్యను చూసి సిగ్గుతో ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"దగ్గిరికి రాబాకండి సార్. నాకు ఒంట్లో బాగలేదు," అంది ఎలిశబెతు.

కామాక్షయ్య టోపీ తీసి చంకలో పెట్టుకోవడం హెబ్రోను అంతకుముందెప్పుడూ చూడలేదు.

"నువ్వు... నువ్వు పోలేదా అమ్మా?"

"ఒంగోలు దాకా పోయినా సార్. అక్కడ దించేసినారు. వీసా డాక్టరు నా ఎక్స్‌రేలో మచ్చ ఉందని కబురు పంపినాడంట. ఆ ప్లేటు చూపించినారు నాకు. క్షయ ఉన్నోళ్లని ఆ దేశం రానియ్యరు. ఇక్కడ తెలిస్తే ఆసుపత్రిలో కొలువు కూడా పోతాది, అమ్మ గుండె పగిలి చస్తాది. అందుకని ఎవరికీ చెప్పకుండా ఇక్కడ దాచి మందిప్పిస్తా ఉండారు. క్షేమంగా చేరినట్టు టెలిగ్రాం కూడా ఆయనే ఏర్పాటు చేసినారు." ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "దేవుడట్టాంటి మనిషి. ఆయన్ని ఏమీ అనబాకండి."

హెబ్రోనుకు అడగక ముందే జవాబు తెలిసిపోయింది. అయినా ఆ పేరు ఆమె నోట రాకూడదని, ఇంకెవరి పేరైనా రావాలని లోపల లోపల మొక్కుకున్నాడు.

"ఎవరమ్మా ఆయన?"

"సమాధానం మామయ్య. పుష్ప వాళ్ల మామయ్య."

పొద్దున అరుగు మీద చకచకా కదిలిన వేళ్లు హెబ్రోను కళ్ల ముందు కదిలాయి. నిలువు జడ అల్లుతున్నాయి అప్పటికి. అడ్డం జడ ఇంకా పెట్టలేదు.

"ఈ రెండో మంచం ఎవరికి?"

"నిన్న తెప్పించినారు. ఇంకొక పేషెంటు వస్తాదన్నారు. ఇయ్యాల తొమ్మిది దాటినాక టాక్సీలో వచ్చి, ఆ పేషెంటు ఇంక రాదులే, నువ్వు కూడా ఇంటికి పోవచ్చు, నీ రోగం కుదిరింది అన్నారు. ఇదిగో, ఆఖరి మందు సీసా ఇచ్చిపోయినారు. అన్నం తిన్నాక మొత్తం ఒక్కసారే తాగమన్నారు. ఇప్పుడే తాగబోతా ఉంటే మీ కేకలు వినపడినాయి."

తలుపు పక్క గూట్లో ఖాళీ సీసా పక్కనున్న గ్లాసు ఆమె చేతిలోకి తీసుకుంది. ఎర్రటి మందు, అంచుదాకా. హెబ్రోను ఒక్క అంగలో దాన్ని లాగేసుకున్నాడు.

"రోజూ ఇచ్చేది ఇదేనా? నర్సువి గదా, చూసి చెప్పు."

ఎలిశబెతు వేలికొసతో ఒక్క చుక్క నాలుక మీద వేసుకుంది. వెంటనే ఉమ్మేసి గోడ పట్టుకుంది. రెండు నెలలుగా ఆమె నమ్మిందంతా ఆ ఒక్క చుక్కతో పోయింది.

"ఇది రోజూ ఇచ్చే దగ్గుమందు కాదన్నా. నిద్దరమందు. ఆసుపత్రిలో తాళం వేసి పెడతాం దీన్ని. చెంచాకి మించి ఎవరికీ ఇయ్యం. గ్లాసుడు తాగితే... ఇంక లేవరు."

అయితే తను పొద్దున ఆ ఇంటికి వెళ్లి విచారణ మొదలుపెడుతున్నానని చెప్పగానే సమాధానం, పుష్పకుమారికని తెప్పించిన మంచం లెక్క మార్చేశాడన్నమాట. దాచి ఉంచడం కంటే నోరు మూయించడం క్షేమం అనుకున్నాడు. ఆఖరి మందు ఎవరికి? ఇక్కడున్న ఈ పిల్లకు. మరి అక్కడున్న పిల్లకు?

హెబ్రోను గిరుక్కున తిరిగాడు.

"కామాక్షయ్యా! పుష్పకుమారి ఇంట్లోనే ఉంది గదా? రైలు సాయంత్రం గదా?"

కామాక్షయ్య ముఖం అంతగా పాలిపోవడం హెబ్రోను ఏనాడూ చూడలేదు. అధికారం, రోషం అన్నీ జారిపోయి, ఇద్దరు పిల్లల తండ్రి మిగిలాడు అక్కడ.

"నువ్వు స్టేషన్లో రభస చేస్తావని పద్మనాభయ్య చెప్పినాడు. అందుకని సమాధానం ఇంటికి నేనే పోయినా. కావల్లో వద్దు, ఒంగోల్లో రైలెక్కండి అని నేనే దారి చెప్పినా. వాకిట్లో టాక్సీ కూడా సిద్ధంగా ఉండాది. ఎక్కి పోయినారు."

"ఎప్పుడు?"

"పదకొండుకి."

హెబ్రోను గ్లాసులో మందు సీసాలోకి వంపి బిరడా బిగించాడు. "జీపు తియ్యి."

కామాక్షయ్య సీసా వంకే చూస్తున్నాడు.

"అట్టాంటి సీసానే," అన్నాడు గొణుగుతున్నట్టు. "సరిగ్గా అట్టాంటిదే సమాధానం తన సంచిలో పెట్టుకున్నాడు. కార్లో పోతే ఆ పిల్లకి తల తిరగతాదంట, దోవలో తాగిస్తానన్నాడు. నేను నవ్వి, ఈ కాంపౌండర్ల మందులు నమ్మబాకు తల్లీ, సోడా తాగు అన్నా. ఆ పిల్ల కూడా నవ్వింది. లేదు సార్, హెబ్రోనన్న నాకు గట్టిగా చెప్పినాడు, మామయ్య చేత్తో ఇచ్చింది తప్ప ఇంకేం తాగొద్దని... అనింది."